హెల్పర్ కాదు, కరెంటు పొయ్యి ఆపరేటర్

పోయిన మంగళవారం పొద్దుగాల డ్యూటీకి తయారైతుంటె ఫోన్ మోగింది. మా పాత షెడ్డు వాళ్ళు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపుల ఎవరో రాసిండ్రు: "మన పాత హెల్పర్ పెద్దమ్మ ఇయ్యాల తెల్లారంగ ఆత్మకూరు దిక్కు వాళ్ళ ఊర్ల చనిపోయింది. ఆమె ఆత్మకు శాంతి కలగాలె." దాని కింద దండం పెట్టే చేతులు వరుసగ వస్తనే ఉన్నయి. జడ అల్లుకునుడు ఆపి మంచం మీద కూలబడ్డ. ఏడుపు రావాల్సింది. కోపం వచ్చింది. "హెల్పర్ కాదు, ఆపరేటర్" అని రాసిన. ఒకాయన, మంచోడే, "పోయిన మనిషికి ఇప్పుడు అవన్ని ఎందుకు మేడం" అని పెట్టిండు.

ఎందుకో చెప్పాల్నంటె ఆ చిన్న డబ్బాల పట్టదు. అందుకే ఇది రాస్తున్న.

మాది హుజూర్‌నగర్ దగ్గర వరి పండించే ఊరు. నేను మెకానికల్ డిప్లొమా చదివి, తెలంగాణ వచ్చిన కొత్తల, మహబూబ్‌నగర్ అవుతల రోడ్డు పొంటి ఉన్న ఒక షెడ్డుల క్వాలిటీ చూసే ఉద్యోగానికి చేరిన. ఆ షెడ్డు పని ఇనుముకు గట్టితనం తెచ్చుడు. బోరు బండ్లకు పెట్టే పిన్నులు, ట్రాక్టరు కత్తులు మా దగ్గరికి మెత్తగ వస్తయి. వాటిని పొయ్యిల పెట్టి, చెప్పినంత వేడి చేసి, నూనె తొట్టిల ముంచి, మళ్ళ తక్కువ వేడి మీద ఇంకోసారి కాల్చి పంపిస్తం.

పొయ్యి అంటె కట్టెలది కాదు, బొగ్గుది కాదు. మనిషి ఎత్తు ఇనుప పెట్టె. లోపలి గోడలకు వేడికి ఓర్చే తెల్ల ఇటుకలు. ఆ ఇటుకలకు గాడులు, గాడులల్ల స్ప్రింగు తీరు చుట్టిన తీగెలు. కరెంటు ఆ తీగెలల్ల పారితె అవి ఎర్రగ కాగుతయి. మంట ఉండది, పొగ ఉండది. వెనుక గోడ నుంచి వేడి కొలిచే కడ్డీ ఒకటి లోపలికి పోయి ఉంటది. అది ఎంత చెప్తె మీటరు అంత చూపెడ్తది. కరెంటు ఇచ్చుడు, ఆపుడు కూడ దాని మాట మీదనే. అంకె తప్పితె మాల్ అంత తప్పినట్టే.

ఆ పొయ్యి ముంగట పెద్దమ్మ ఉండేది. యాభై ఏండ్లకు జర ఇటో అటో. సన్నగ, పొడుగ్గ, చీర మీద మొగోళ్ళ ఖాకీ అంగీ ఏసుకొని, కొంగు నడుముకు బిగించి, ముంజేతి మీద పొయ్యి తలుపు అంచు తగిలి కాలిన నల్ల మచ్చతోని. గొర్లు కాసే ఇంట్ల పుట్టింది, గొర్లు కాసే ఇంటికే పోయింది. కరువు ఏండ్లల్ల మంద అంత అమ్ముడుపోతె మొగుడుపెండ్లాం మేస్త్రి ఎంట పునాదులు తవ్వే పనికి దేశాలు తిరిగిండ్రు. మొగడు ఒక పని మీదనే జరమొచ్చి పోయిండు. ఆమె తిరిగొచ్చి మా షెడ్డు కట్టేటప్పుడు మట్టి మోసింది. షెడ్డు తయారైనంక ఊడ్చే పనికి అక్కడనే నిలవడ్డది. ఊడ్చుకుంట ఊడ్చుకుంట తట్టలు అందిచ్చింది. తట్టలు అందిచ్చుకుంట తలుపు ఎత్తుడు, మాల్ పేర్చుడు, మీటరుకు అంకె పెట్టుడు నేర్చింది. నేను చేరేటప్పటికి పగటి షిఫ్టుల పొయ్యి నడిపేది ఆమెనే. కార్డు మీద మాత్రం "హెల్పర్" అనే ఉండె. పేరుకు ఆపరేటర్ అయిన షిఫ్టు సూపర్‌వైజరు కుర్చీల కూసుండేటోడు.

చేరిన మొదటి వారం నన్ను పిలిచి తలుపు జర ఎత్తి లోపలికి చూడమన్నది.

"ఏం రంగున్నది?" అని అడిగింది.

"ఎరుపు," అన్న.

"గట్ల చెప్తె ఎట్ల? ఎరుపుల ఎన్ని ఎరుపులు లేవు? దానిమ్మ పువ్వు ఒక ఎరుపు, మోదుగు పువ్వు ఒక ఎరుపు. ఇది మోదుగు పువ్వుకు జర ముంగట ఉన్నది. ఎనిమిది వందల యాభై అంటె గిదే. తంగేడు పువ్వు తీరు పచ్చగైందో, మాల్ సచ్చినట్టే."

నేను మీటరు చూసిన. ఎనిమిది వందల నలభై ఎనిమిది. ఆమె మీటరు దిక్కు తలకాయ కూడ తిప్పలే.

ఆమెకు కొన్ని పట్టింపులుండె. మాల్ లోపల పెట్టి తలుపు దించేదాక చాయ్ తాగది. పొయ్యి దిక్కు కాళ్ళు చాపుకొని కూసున్నోళ్ళను లేపేది. పొయ్యి పక్క రేకు మీద పొద్దుగాల రాంగనే అరచెయ్యి ఆనిచ్చి చూసేది, జరం చూసినట్టు. కరెంటు ఇచ్చి ఆపే పెట్టెల టక్కు టక్కుమని సప్పుడొస్తది. ఆ సప్పుడు నడుమ ఎంతసేపు ఎడముందో మాట్లాడుకుంట గూడ లెక్కపెట్టేది. ఒకసారి నేను సెలవుల గురించి ఏదో చెప్తుంటె చెయ్యెత్తి ఆపి, "ఒక తీగె తెగింది" అన్నది. పోయి చూస్తె నిజమే.

ఒక మధ్యాహ్నం సద్ది తినుకుంట అడిగింది. "మంట లేకుంట ఎట్ల కాగుతది బిడ్డా? నువ్వు సదువుకున్నవు కదా, చెప్పు."

"కరెంటు పోతుంటె తీగె దాన్ని సులువుగ పోనియ్యది పెద్దమ్మా. అడ్డం నిలవడ్తది. గా కొట్లాటల వేడి పుడ్తది. ఇంట్లకొచ్చే రాగి తీగె అడ్డం నిలవడది, అందుకే అది కాగది."

జొన్నరొట్టె నములుకుంట కొద్దిసేపు ఆలోచించింది. "అడ్డం నిలవడ్డందుకేనా? మంచిగున్నది" అని నవ్వింది. ఆమె శానా తక్కువ నవ్వేది.

ఇగ నేను చెప్పాల్సిన ముచ్చట. దీంట్ల నా తప్పు ఉన్నది, కాబట్టి జర కష్టమే.

ఒక ఎండకాలం పొయ్యిల తీగెలు పాతగైనయని కాంట్రాక్టరును పిలిచి కొత్తవి ఏయించిండ్రు. తీగెలు ఏసేటప్పుడు వేడి కొలిచే కడ్డీని బయటికి తీసి మళ్ళ పెట్టిండ్రు. పొయ్యి నడుసుడు షురువైన మొదటి దినమే పెద్దమ్మ సూపర్‌వైజరుకు చెప్పింది, నేను పక్కనే ఉన్న.

"సారూ, మీటరు ఎనిమిది వందల యాభై అంటాంది, పొయ్యి తంగేడు పువ్వంటాంది. రెండిట్ల ఒకటి అబద్ధం."

"కొత్త తీగెలు కదా, మెరుస్తయి. నీ పని నువ్వు చూసుకో," అన్నడు.

రెండో దినం మళ్ళ చెప్పింది. కరెంటు ఆగుతలేదు, మాల్ మీద పొట్టు మందంగ లేస్తున్నది అన్నది. ఆయన ఫోన్ల నుంచి మొఖం లేపలే. మూడో దినం బోరు బండి పిన్నులు ఒక పెద్ద లోడు నూనెల ముంచితె సన్నగ చిటచిటమన్న సప్పుడొచ్చింది. బయటికి తీసి తుడిస్తె ఒక్కొక్క పిన్ను మీద వెంట్రుకంత పగుళ్ళు. మొత్తం మాల్ పోయింది. పిన్నులు ఇచ్చిన కంపెనీ వాళ్ళు తెల్లారి మనిషిని పంపుతమన్నరు.

పగిలిన పిన్ను ఒకటి నేను విరగ్గొట్టి చూసిన. లోపల సన్నగ బూడిద రంగుండాల్సింది పటికబెల్లం తీరు మెరుస్తున్నది. గింజ గట్ల పెద్దగైందంటె వేడి ఎక్కువైందని డిప్లొమాల చదివిన. మేనేజరు సారుకు చూపించిన. ఆయన మీటరు చార్టు నా ముంగట పెట్టి, "ఎనిమిది వందల యాభై దాటిందా? మిషను అబద్ధం చెప్తదా? ఆమె తట్టల మాల్ ఇరికిచ్చి పేర్చింది, వేడి సమంగ అందలే. లోడింగు తప్పు అని రాయి" అన్నడు. నాకు చేరి ఏడాది గూడ కాలే. రాసిన. "కారణం: లోడింగు లోపం" అని నా చేత్తో రాసి, కింద నా సంతకం పెట్టిన.

ఆ కాయితం పట్టుకొని మేనేజరు పెద్దమ్మను ఆఫీసు రూముకు పిలిచిండు. తప్పు తనదే అని పెద్దమ్మ ఒప్పుకున్నట్టు రాసిన ఇంకో కాయితం గూడ తయారు చేసి పెట్టిండు. దాని మీద ఆమె ఏలు ముద్ర ఏసి పని బందువెట్టి పోతె కథ ఒడుస్తది, వచ్చే కంపెనీ మనిషికి చూపెట్టుకోవచ్చు. సూపర్‌వైజరు సిరా డబ్బా మూత తీసి పట్టుకున్నడు.

"దీంట్ల ఏం రాసుంది?" అని అడిగింది.

చదివి చెప్పిండ్రు.

"నేను ఎయ్య."

"ఎయ్యకపోతె పోలీసు కేసైతది," అన్నడు సూపర్‌వైజరు.

"కానియ్యిండ్రి. ఆడ గూడ గిదే చెప్త. మూడు దినాల సంది చెప్తున్న, పొయ్యి ఎక్కువ కాగుతాంది అని. నువ్వు ఇన్నవా లేదా సారూ? ఇన్నవా, లేదా?"

ఆమె నా దిక్కు తిరిగింది.

"గా మొదటి కాయితం నువ్వు రాసినవా బిడ్డా?"

"సార్ రాయమన్నడు పెద్దమ్మా."

"చెయ్యి నీదే కదా."

అంతే. ఈ మూడు మాటలు ఇన్నేండ్లైనా నాకు గుచ్చుకుంటనే ఉన్నయి. తర్వాత ఎన్నో రిపోర్టులు రాసిన. పెన్ను పట్టుకున్నప్పుడల్లా నా చెయ్యి దిక్కు ఒకసారి చూసుకుంట.

ఆమె ఆఫీసు రూముల నుంచి బయటికొచ్చి తిన్నగ నన్ను అడిగింది. "ఎనిమిది వందల యాభైకి కరగకుంట, దాన్ని దాటితె కరిగేది ఏమున్నది?"

నాకు సమజ్ కాలే. ఆమెనే మళ్ళ చెప్పింది. "నా కన్నును ఎవరు నమ్ముతలేరు. మీటరును నమ్ముతుండ్రు. మూడోది ఒకటి కావాలె. గది అబద్ధం చెప్పొద్దు."

నేను పుస్తకం తీసి చూసిన. వెండి. తొమ్మిది వందల అరవై డిగ్రీలు దాటితె గాని కరగది. చెప్పంగనే పెద్దమ్మ తన దండచేతికున్న వెండి కడెం దిక్కు చూసుకున్నది. పెండ్లినాటి కడెం. సబ్బు నీళ్ళు పెట్టి, పండ్లు బిగబట్టి తీసుకున్నది. చర్మం ఎర్రగ లేచిపోయింది.

ఇద్దరం ఆటో ఎక్కి పాత బజారుకు పోయినం. బంగారం, వెండి పని చేసే అవుసులాయన కడెం చేతుల తిప్పి, గీటు పెట్టి చూసి, "అవ్వా, ఊర్ల చేసిన కడాలల్ల రాగి కలిసుంటది. ఇది ముందుగాల్నే కరుగుతది. పొయ్యి పెట్టినంక వాళ్ళు కల్తీది అంటె నువ్వేం చెప్తవు?" అన్నడు. ఎందుకో ఏంటో అంత ఇన్నంక ఆయనకు గూడ పట్టుదల పుట్టింది. కడెం తన దగ్గర పెట్టుకొని, పుటం పెట్టిన నికార్సైన వెండి చిన్న రేకు ముక్క ఒకటి కాయితంల చుట్టి ఇచ్చిండు. "పని అయినంక తెచ్చియ్యి. నీ కడెం నీకిస్త. కరిగినా వెండి వెండే, యాడికి పోదు."

తెల్లారి పిన్నుల కంపెనీ మనిషి వచ్చిండు. ఇంజనీరు, నడివయసాయన, తక్కువ మాట్లాడేటోడు. మేనేజరు ఆయనకు నా రిపోర్టు చూపెడ్తుంటె పెద్దమ్మ పిలవకుంటనే రూములకు వచ్చి, చేతుల కాయితం పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది.

"సారూ, గిది వెండి. పొయ్యి ఖాళీ ఉన్నది. మీటరు ఎనిమిది వందల యాభై చూపెట్టంగ దీన్ని లోపల పెడ్దం. ఇట్లనే ఉంటె తప్పు నాది, ఇప్పుడే ముద్ర ఏస్త, గేటు దాటి పోత. కరిగితె మీరే చెప్పుండ్రి తప్పు ఎవరిదో."

మేనేజరు, "నువ్వు బయటికి నడువు" అన్నడు. ఆ ఇంజనీరు మాత్రం పొట్లం అందుకొని వెండి ముక్కను ఎలుగుకు పట్టి చూసిండు. నా దిక్కు చూసి, "వెండి ఎంతకు కరుగుతది మేడం?" అని అడిగిండు. మేనేజరు నన్నే చూస్తున్నడు. "తొమ్మిది వందల అరవై దాటాలె సార్" అన్న.

"అయితే పెడ్దం పాండ్రి," అన్నడు.

షెడ్డుల అందరు పని ఆపి వచ్చిండ్రు. పెద్దమ్మ వెండి ముక్కను ఇటుక పెంకుల పెట్టి, పొడుగు పట్కారుతోని పొయ్యి నడుమల పెట్టి, తలుపు దించింది. మీటరు మీద ఎనిమిది వందల యాభై. కరెంటు పెట్టె సప్పుడు ఒక్కటే. పావుగంటైనంక ఆమె తలుపు ఎత్తింది. మీటరు ఇంకా అక్కడ్నే ఉన్నది. లోపల పచ్చగ, కండ్లల్ల గుచ్చుకునేటంత ఎలుగు. పెంకు బయటికి తీసి ఇటుక మీద పెట్టింది. దాంట్ల రేకు ముక్క లేదు. పెసరగింజంత గుండ్రటి చుక్క, పాదరసం తీరు వణుక్కుంట, చూస్తుండంగనే గట్టిపడ్డది.

ఆ ఇంజనీరు చుక్క దిక్కు కాదు, మేనేజరు దిక్కు చూసిండు. తర్వాత తనే ఎనుకకు పోయి, పొయ్యిని ఆర్పిచ్చి, వేడి కొలిచే కడ్డీ ఎంత లోపలికి పోయిందో గీత పెట్టి కొలిచిండు. కాంట్రాక్టరు మనుషులు దాన్ని సగమే తోసిండ్రు. కొస గోడ ఇటుకల నడుమనే ఉండిపోయింది. పొయ్యి కడుపుల ఎంత వేడున్నదో దానికి తెలవనే తెలవది. ఎవరో నవ్విండ్రు. పెద్దమ్మ నవ్వలే.

మేనేజరు ఒప్పుకోలు కాయితం తీసి చింపబోయిండు. ఆమె ఆపింది.

"చింపితె ఎట్ల సారూ? నాదే తప్పని నిన్న షెడ్డంత చెప్పిండ్రు. తప్పు ఎవరిదో గూడ రాసి చదువుండ్రి, అందరు ఇనేటట్టు."

రాసింది నేనే. ఈసారి ఎవరు చెప్పకుంటనే రాసిన. పెద్దమ్మ మూడు దినాలు చెప్పినా ఎవరు ఇనలేదన్న మాట గూడ రాసిన. షెడ్డు నడుమల నిలవడి చదివిన. చదువుడు అయినంక ఆమె వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "ఇప్పుడు మంచిగున్నది చెయ్యి" అన్నది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

వెండి చుక్కను మేనేజరు రెండు దినాలు బల్ల మీద పెట్టుకున్నడు, వచ్చినోళ్ళకు చూపెట్టుకుంట, ఏదో తనే కనిపెట్టినట్టు. పెద్దమ్మ పోయి అడిగి తెచ్చుకొని అవుసులాయనకు ఇచ్చి, కడెం ఏసుకొని డ్యూటీకి వచ్చింది.

దీనితోని ఆమె తలరాత మారిందని రాయాల్నని నాకూ ఉన్నది. మారలే. సూపర్‌వైజరు అదే కుర్చీల ఉన్నడు. ఆమె కార్డు మీద "హెల్పర్" అట్లనే ఉన్నది. ఆపరేటర్ అని రాయాల్నంటె ఐటిఐ సర్టిఫికెట్ ఉండాల్నన్నరు, రూలు అన్నరు. ఆమె ఒక వారం నన్ను పట్టుకొని అక్షరాలు నేర్చింది, అన్ని కాదు, తనకు కావాల్సినవి. హాజరు రిజిస్టరుల తన పేరు పక్కన "హెల్పర్" అని ఉన్న కాడ గీత కొట్టి, "ఆపరేటర్" అని వంకర వంకరగ రాసుడు షురువు చేసింది. క్లర్కు మందలిచ్చిండు. తెల్లారి మళ్ళ కొట్టేసి రాసింది. కొత్త రిజిస్టరు తెచ్చిండ్రు. దాంట్ల గూడ రాసింది. "నీకు విసుగు రాదా పెద్దమ్మా?" అంటె, "వాళ్ళకు రాలేదు కదా" అన్నది. పని మానేసే దినం దాక ఒక్క పొద్దు తప్పకుంట రాసింది.

ఆ సంగతైనంక కాంట్రాక్టరును పిలుచుడు తగ్గింది. తెగిన తీగెలు మనమే చుట్టుకుందమని ఆమెనే మొదలువెట్టింది. లేతు మిషను మీద కడ్డీకి తీగెను చుట్టి, దాన్ని రెండు దిక్కుల పట్టుకొని సమంగ సాగదియ్యాలె. చుట్టుకు చుట్టుకు నడుమ జాగా ఒక్క తీరుగుండాలె. "ఎక్కడ దగ్గరైతయో అక్కడ్నే కాలి తెగుతది. ఎవరికీ ఊపిరాడకుంట చెయ్యొద్దు" అనేది. ఈ పనికి షెడ్డుల ఊడ్చే ఆడోళ్ళను పిలిచింది. ఒకరెంట ఒకరు ఆరుగురైండ్రు. తీగె పని నుంచి పొయ్యి పనికి తెచ్చింది వాళ్ళను. మొగోళ్ళు ఒప్పుకోలే. ఆడోళ్ళకు గంత వేడి పడదని సూపర్‌వైజరు అన్నడు.

"మీ ఇంట్ల పొయ్యి ముంగట కూసునేదెవరు సారూ?" అని అడిగింది. ఆయన కుర్చీ జరుపుకున్నడు.

నేర్పేటప్పుడు మెత్తగుండేది కాదు. తలుపు ఎత్తంగనే పక్కకు జరగకపోతె తిట్టేది. రంగు తప్పు చెప్తె మళ్ళ చూపెట్టేది, కండ్లు మండేదాక కాదు, "ఒక్క చూపు, కన్ను తిప్పుకో" అని. తన కండ్లకు మాత్రం ఆ నియమం పెట్టుకోలే. కొన్నేండ్లకు కంట్ల పొర కమ్ముకున్నది. నల్ల అద్దాలు పెట్టుకోమని నేను మొదట్నుంచి చెప్తనే ఉన్న. పెట్టుకుంటె రంగు తప్పుగ కనిపిస్తదని మొండికేసేది. నేను గట్టిగ కొట్లాడాల్సింది. దవాఖానల ఒక కన్నుకు ఆపరేషన్ అయింది, సగమే చక్కగైంది.

అటెన్క ఒక పొద్దు ఆమె తలుపు ఎత్తి చూసి, దించి, మళ్ళ ఎత్తింది. తర్వాత అందరిని పిలిచింది.

"ఇయ్యాల నాకు రంగు తెలుస్తలేదు. ఇగ పొయ్యి నా చేతుల ఉండొద్దు."

కూసోని చేసే పని ఇస్తమన్నరు. ఒద్దన్నది. ఆరుగురిల పెద్దామెకు పట్కారు చేతికిచ్చి, ఖాకీ అంగీ మడతవెట్టి సంచిల ఏసుకొని పోయింది. ఎవరు పంపలే, ఎవరు ఆపలే. తన కన్ను తప్పిందని తనే చెప్పి పోయిన మనిషిని నేను ఆమెను తప్ప ఇంకొకరిని చూడలే. మేనేజర్లను చూసిన, పెద్ద చదువులోళ్ళను చూసిన. ఏమో, నేను గూడ అట్ల చెప్తనో లేదో.

ఊర్ల చిన్నకొడుకు దగ్గర మళ్ళ నాలుగు గొర్లు పెట్టుకున్నది. నెలకోసారి ఫోన్ చేసేది. మొదట నన్ను కాదు, పొయ్యిని అడిగేది. నేను ఆ షెడ్డు ఇడిచి ఇంకో కంపెనీల చేరినంక గూడ, "గాడ పొయ్యి ఎట్లున్నది? కడ్డీ ఎంత లోపలికున్నది, చూసినవా?" అని. పోయిన నెల ఫోన్ల దమ్ము ఎక్కువొస్తున్నదని అన్నది. వస్త అన్న. పోలే.

మంగళవారం మధ్యాహ్నానికి ఊరు చేరిన. ముందటి దినం వాన పడ్డది, రేగడంత మెత్తగున్నది. పెద్దమ్మను అరుగు మీద పండవెట్టిండ్రు. మొఖం కోపంగనే ఉన్నది, ఎప్పటి తీరు. పక్కన కూసున్న ఒక ముసలాయన ఇంకొకాయనకు చెప్తున్నడు, "పాలమూరుల ఏదో కంపెనీల ఊడ్చేది పాపం" అని. "ఊడ్చేది కాదు తాతా, పొయ్యి నడిపేది, ఇనుము కాల్చే పొయ్యి" అన్న. ఆయన నన్ను చూసి, "అట్లనా" అన్నడు.

పెద్దమ్మ పొయ్యి పని నేర్పిన ఆరుగురు గూడ వచ్చిండ్రు, సగం డ్యూటీ చేసి, బస్సు ఎక్కి, ఖాకీ అంగీలతోనే. పాడె లేచింది. ఊరి బయట దించి మళ్ళ ఎత్తే కాడ, ఆడోళ్ళు ఇక్కడ్నుంచి ఎనుకకు మళ్ళాల్నన్నరు. ఇంటి ఆడోళ్ళు మళ్ళిండ్రు. వీళ్ళు మళ్ళలే. పెద్దమ్మ మరిది, ఆ ఇంటికి పెద్దమనిషి, ఎదురొచ్చి నిలవడ్డడు.

"మా తాన ఆడోళ్ళు బొందలగడ్డకు రారమ్మా."

ఆరుగురిల పెద్దామె, పట్కారు అందుకున్నామె, గొంతు పెంచకుంటనే చెప్పింది. "పని నేర్పిన మనిషి కాకా. నడుమల ఇడిచిపోతె మమ్ములనే తిడ్తది."

ఆయన పెద్దమ్మ చిన్నకొడుకు దిక్కు చూసిండు. అతను తలకాయ వంచుకొని ఉండె. తలకాయ ఎత్తి, "రానియ్యి చిన్నాయినా. అమ్మ గూడ ఎవరు ఆపితె ఆగలే" అన్నడు.

పోయినం. నేను గూడ పోయిన. బొందల దించినంక మొగోళ్ళు ఒకరెంట ఒకరు మట్టి ఏసిండ్రు. ఆరుగురు కొసకు వచ్చి వరుసగ నిలవడ్డరు. మొగోళ్ళు రెండడుగులు ఎనుకకు జరిగి జాగా ఇచ్చిండ్రు. ఆరుగురు వంగి తడి రేగడి పిడికిళ్ళల్ల తీసుకొని చేతులు ముంగటికి చాపిండ్రు. అంగీ చేతులు మీదికి జరిగినయి. ఆరు ముంజేతుల మీద, ఒక్క కాడనే, పొయ్యి తలుపు అంచు కాల్చిన నల్లటి మచ్చలు.